నీళ్ళ కాగితంలో చివరి వరుస

ఇరాకీ సైన్యం కువైట్‌లోకి వచ్చి ఇరవై రోజులైంది. ఫింటాస్‌లో ఒక భవనంలో తలదాచుకున్న తెలుగువాళ్ళు చందాలేసుకుని నిధి పెట్టుకున్నారు. దాని పెత్తనం నాగేంద్రప్రసాద్‌ది. కంపెనీలో లెక్కలు రాసిన మనిషి, అందరికంటే నాలుగు ముక్కలు ఎక్కువ చదివినవాడు. ఖర్చుల కాగితం ఒకటి రాసి పైకి చదివాడు. నీళ్ళకింత, రొట్టెకింత, జోర్డాన్ దాకా బస్సుకింత. అన్నిటికీ అడుగున ఒక వరుస: పాస్‌పోర్ట్ లేనివారి ప్రయాణానికి ఈ నిధి ఖర్చు పెట్టరాదు.

ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళ పాస్‌పోర్టులు కఫీళ్ళ, అంటే వీసా ఇచ్చిన యజమానుల, బీరువాల్లో ఉంటాయని ఆయనకు తెలియదా? బాగా తెలుసు. పనిమనుషులు రాకూడదని నోరు తెరిచి అంటే జనం ఊరుకోరు. అందుకే ఆ మాటను తీసుకెళ్ళి నీళ్ళ పక్కన కూర్చోబెట్టాడు.

"మనం ఎవర్నీ ఆపడం లేదు. మన డబ్బు పెట్టడం లేదు, అంతే," అన్నాడు. "కాగితమంతా ఒక్కటే. ఒప్పుకునేవాళ్ళు చెయ్యెత్తండి."

రెండు రోజులుగా గొంతు తడారిపోయిన జనం చేతులెత్తారు. డ్రైవర్ పెద్దన్న కూడా ఎత్తాడు. అతని కంపెనీవాళ్ళు ముందే పాస్‌పోర్టులు పంచేశారు. సల్వాలో ఇంటిపని చేసే చెల్లెలు సుబ్బరత్నమ్మ, తను 'మామా' అని పిలిచే యజమానురాలి కుటుంబంతో సౌదీకి దాటిపోయిందనే అనుకున్నాడు.

బస్సు బయలుదేరే పొద్దున ఆమె నడుచుకుంటూ వచ్చింది. కాళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి.

"పాస్‌పోర్ట్ యాడమ్మే?" అన్నాడు పెద్దన్న.

"మామా పోతాపోతా నా చేతిలో పెట్టిందన్నా. పనిలోంచి తీసేసి పొమ్మంటాందేమో అనుకున్యా. ఊరికి తోలేటప్పుడే కదా మన చేతికిచ్చేది! కాళ్ళమీద పడి ఏడ్చి, మళ్ళా ఆమె బ్యాగులోనే పెట్టేసినా. కారులో జాగా లేదు, ఇల్లు చూసుకోమని చెప్పి పోయినారు."

పెద్దన్నకు ఆమె మీద కోపం రాలేదు. ఆ స్థానంలో తనున్నా అదే చేసేవాడు. నాగేంద్రప్రసాద్ దగ్గరికి పరుగెత్తాడు.

"సార్, ఆ ఒక్క వరుసా కొట్టేయండి సార్. నా చెల్లెలు."

"ఒక్క వరుస కొట్టేదానికి కుదరదు పెద్దన్నా. మార్చాలంటే కాగితమంతా మళ్ళా రాసి ఒప్పించాల. అందాక డీజిల్ లేదు, నీళ్ళు లేవు. మీరు చెయ్యెత్తిన కాగితమే కదా ఇది!"

అంతటితో ఊరుకోకుండా, పెద్దమనిషి తరహాలో బస్సువైపు తిరిగాడు. "కాగితం మళ్ళా రాసేదానికి ఒక్కరోజు ఆగుదామనేవాళ్ళు చెయ్యెత్తండి."

బస్సులో అరవైమంది. ఒళ్ళో పిల్లలు, కాళ్ళ దగ్గర మూటలు. సరిహద్దు రేపోమాపో మూసేస్తారని నిన్ననే ఎవరో చెప్పిపోయారు. ఒక్క చెయ్యీ లేవలేదు. పెద్దన్న అందరి మొహాలూ చూశాడు. ఇంత పాపిష్టివాళ్ళా వీళ్ళు అనుకున్నాడు. అప్పుడు తెలిసింది, తన చెయ్యి కూడా లేవలేదని. సిగ్గుతో చచ్చిపోయాడు. అయినా లేపలేదు.

సుబ్బరత్నమ్మ అది చూసింది.

"ఎండెక్కకముందే పోండన్నా," అంటూ కొంగు తలమీదికి లాక్కుంది. "నేనూ పోతా. మామా తిరిగొచ్చేతలికి ఇల్లు దుమ్ము పట్టుంటే తిడతాది."