సూది కింద పరదా

నేను ఒక కుట్టుమిషన్ని. పుట్టింది లూధియానాలో, బతికింది హైదరాబాదులో. సలోమి తల్లి నన్ను కొని, కూతురి చేతిలో పెట్టి కన్నుమూసింది. నా చక్రం తిరిగితేనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. ఇప్పుడు నేను ఒక విదేశీ కాన్సులేటు వెనక గదిలో తాళం వేసి ఉన్నాను.

ఆ దేశం పేరు చెప్పను. దానికి కోపమొస్తే కష్టం, ఉన్నది దాని గుప్పిట్లోనే కదా! ఈ కాన్సులేటులో కుట్టుపని ఉందంటే సలోమి నన్ను ఆటోలో వేసుకుని వచ్చింది. పొద్దున జెండా అంచు కుట్టాం, మధ్యాహ్నం పరదాలు మొదలుపెట్టాం. ఇంతలో రెండు దేశాలకూ చెడిందట, అందర్నీ ఉన్నపళాన బయటికి పొమ్మన్నారు. మిషను రేపు తీసుకెళ్ళమన్నారు. ఆ రేపు ఇంకా రాలేదు.

సలోమి ఇప్పుడు ఎవరి షాపులోనో చేత్తో కాజాలు కుడుతోంది. నాకోసం కోర్టుకెక్కింది. ఆ సంగతులన్నీ గేటు దగ్గర వాచ్‌మన్ యాదయ్యకు చెబుతుంటే కిటికీలోంచి వింటాను. ఆ దేశం ఇచ్చిన జవాబులోని 'ఇమ్యూనిటీ'ని ఎవరో తెలుగు చేస్తూ, సదరు రాజ్యానికి రోగనిరోధక శక్తి కలదని రాశారట.

"ఏం బీమారన్నా వాళ్ళకు?" అని వకీలును అడిగిందట సలోమి.

కోర్టే ఆ బీమారి, అది వాళ్ళకు అంటదని వకీలు విడమరిచి చెప్పాడట. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

బయటికి పొమ్మన్న రోజు ఏం కుడుతున్నావమ్మా అని జడ్జిగారు అడిగారట. పెద్ద పని చెబితే మర్యాద దక్కుతుందనుకుని, జెండా అందట ఈ పిచ్చితల్లి. కేసు కొట్టేశారు.

తర్వాత అంతర్జాతీయ న్యాయం మీద పుస్తకం రాస్తున్న మేడం ఒకామె సలోమితో గేటు దాకా వచ్చింది. రాజ్యమైనా సరే, అందరిలా బేరమాడి పని చేయించుకుంటే అందరిలాగే కోర్టుకు రావాలని ఇప్పటి పండితులు చాలామంది అంటారట. పరదాలు ఆ లెక్కలోకి వస్తాయట, జెండా మాత్రం రాచకార్యమట, దానికి కోర్టు అంటదట. మాకైతే అదే సూది, అదే దారం.

సలోమి గేటు ఊచలు పట్టుకుని నా కిటికీ వైపు చూసింది.

"పొద్దుగాల జెండా అయిపోయింది మేడం. ఆఖరికి మిషన్ల ఉన్నది పరదానే."

"రుజువుందా?" అంది మేడం.

ఉందమ్మా. తుప్పుపట్టిన నా సూది ఇంకా ఆ పరదాలోనే దిగి ఉంది. చూడాలంటే లోపలికి రావాలి. లోపలికి రావాలంటే రుజువు కావాలి.