కాగితం దాటిన పేట

మేం గీసే మ్యాపుల్లో మైళ్ళకి విలువ లేదు. మధ్యలో ఆసుపత్రి ఉంటుంది. పిలిచాక అంబులెన్సు రావడానికి ఎంతసేపు పడితే, ఆ పేటను మధ్యనుంచి అంత దూరంగా గీస్తాం. మా అక్కవాళ్ళ పేట నిజానికి ఆసుపత్రికి కూతవేటు దూరం. కానీ మధ్యలో రైల్వే గేటుంది. అందుకే మా మ్యాపులో అన్నిటికంటే చివరికి పోతుంది. నేను గీస్తుంటే చూసి, "పక్కదేశంలో పడేశావేంట్రా బావమరిదీ, వీసా కూడా ఇప్పిస్తావా?" అని బావ ఆటపట్టించేవాడు.

పోయిన నెల బావకి గుండెనొప్పి వచ్చింది. బండి గేటు దగ్గర ఇరుక్కుపోయింది. వచ్చేసరికి బావ లేడు. నేను మళ్ళీ పనిలోకి వచ్చేశాను. బాధ కూడా తెలియడం లేదు. చెయ్యి గీస్తోంది, నేను చూస్తున్నాను, అంతే.

ఆసుపత్రికి ఇంకో అంబులెన్సు బండి కొన్నారు. మ్యాపులో అన్నిటికంటే దూరంగా ఉన్న పేటలో దాన్ని ఉంచుతారట. అది తేల్చే మీటింగుకి మ్యాపు నన్నే గీయమన్నారు. అక్క ఒక్కటే అడిగింది.

"మా అత్తగారికీ గుండెజబ్బేరా. ఆవిడకైనా బండి అందేలా చూడు."

మా ఆఫీసులో ఒక అలవాటుంది. ఏ పేటైనా కాగితం దాటిపోతే కాస్త లోపలికి లాగి గీస్తాం, చూడ్డానికి బాగుంటుందని. దానికి మేం పెట్టుకున్న ముద్దుపేరు సర్దుబాటు. పెద్దసారు నా బల్ల మీదికి వంగాడు.

"అంచు దాటిపోయిందయ్యా. సర్దెయ్."

"సర్దితే మిగతావాటిలో కలిసిపోతుంది సార్. బండి రాదు."

"ఎప్పుడూ చేసేదేగా! ఇవాళేంటి నీకీ చాదస్తం?"

కోపం రావాల్సింది, రాలేదు. ఇంకో కాగితం తెచ్చి అంచుకి అతికించి, పేటను దాని చోటే గీశాను. "నా పరువు తీసేదాకా నిద్రపోవు కదా!" అని సారు తల పట్టుకున్నాడు.

మీటింగులో ఆ అతుకు బల్ల మీంచి కిందికి వేలాడింది. ఒక పెద్దావిడ కుర్చీ జరుపుకుని వంగి చూసింది.

"ఇక్కడ మనుషులున్నారా?"

"ఉన్నారు మేడమ్" అన్నాను. బండి ఆ పేటకే ఇచ్చారు.

బండి వచ్చాక మ్యాపు మళ్ళీ గీశాను. ఈసారి ఆ పేట నడిమధ్యకి వచ్చి కూర్చుంది. తీసుకెళ్ళి అక్కకి చూపించాను. పక్కగదిలో అత్తగారు దగ్గుతోంది.

"ఇదేనా మేం?"

"ఇదే. బండికి ఇప్పుడు ఇంత దగ్గర."

అక్క దాని మీద వేలు పెట్టింది.

"మీ బావ ఉన్నప్పుడు కూడా ఇల్లు ఇక్కడే ఉంది కదరా" అంది.

"ఉందక్కా" అన్నాను.