ఆగ్నెసమ్మ చేతిలో ఈతమట్ట

నా కూతురు పదమూడో ఏడు దాటదేమోనన్నదే నాకు అన్నిటికంటే పెద్ద భయం.

పుట్టినప్పుడు అది పిడికెడుండేది. జ్ఞానస్నానానికి పేరు కావాలన్నారు. మా కొండల్లో పేరు మనకు నచ్చింది పెట్టుకోం. పోయినవాళ్ళలో ఎవరు తిరిగొచ్చారో అడిగి, ఆ పేరే పెడతాం. మా అత్త సోములమ్మ నీళ్ళగిన్నెలో రెండు బియ్యపు గింజలు వదిలి, పెద్దల పేర్లు ఒక్కొక్కటే పిలిచింది. ఏ పేరుకీ గింజలు కలవలేదు. బిడ్డ ఏడుపు ఆపడం లేదు. నాకు ఏం తోచక, గోడమీద గుడివాళ్ళిచ్చిన పునీతురాలి పటం చూసి "ఆగ్నెసమ్మ" అన్నాను. గింజలు రెండూ వచ్చి అతుక్కున్నాయి.

"ఈవిడెవులే? మన ఇంటి మనిషి కాదే!" అంది అత్త. అయినా ఆ పేరే ఖాయమైంది.

ఆ పటమంటే నాకు ప్రాణం. చిన్నపిల్ల, ఒళ్ళో తెల్లటి గొర్రెపిల్ల, చేతిలో ఈతమట్ట. గొర్రెపిల్ల మీద ఈగలు వాలకుండా విసురుతోందనుకునేదాన్ని. నా ఆగ్నెసు కూడా మా మేకపిల్లకి అలాగే విసురుతూ పెరిగింది.

మా ఊరి బడి ఏడో తరగతితో సరి. నా చదువు అక్కడే ఆగింది. దానిదలా ఆగకూడదని, మొన్న జూన్‌లో అనంతగిరి దగ్గర సిస్టర్ల హాస్టల్లో చేర్చబోయాం. పెట్టె సర్దుతుంటే మా గుడి ఉపదేశి బర్నబా వచ్చి ప్రార్థన చేశాడు. పటం వైపు చూసి, "పాపం, పదమూడేళ్ళకే కత్తికి బలైపోనాది" అన్నాడు.

"ఎవరు బాబూ?"

"ఆగ్నెసమ్మే. పేణం తీస్తామన్నా విశ్వాసం వదల్లేదు. ఆ మట్ట ఏటనుకున్నావు? అలా దేవుడి కోసం పేణాలిచ్చిన వేదసాక్షుల గెలుపు గుర్తు. గొర్రెపిల్ల ఏమో మచ్చలేని మనసుకి."

"ఈగలు తోలడానికి కాదా?"

ఆయన నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. నా కూతురికి పన్నెండు నిండాయి. తిరిగొచ్చింది ఆవిడే కదా! పెట్టెలో బట్టలన్నీ బయటికి తీసేశాను.

"ఏటే, ఏటి సేత్తన్నావు?" అంది అత్త.

ఏడుస్తూ చెప్పాను.

"ఓసి పిచ్చిగుంటా! మళ్ళీ సావడానికి తిరిగొత్తారేటి ఎవులైనా? మా మావ గాసి లేడా, ఆకలితో పోనాడు. నీ మొగుడై వచ్చి కుండలు ఖాళీ సేత్తన్నాడు గదా! తక్కువైంది తీర్సుకోడానికే వత్తారు. ఆ తల్లి పదమూడేళ్ళకి పోనాదంటే, పద్నాలుగోది ఎలాగుంటాదో సూడ్డానికే మనింటికొచ్చింది. సర్దు, బేగి!"

మళ్ళీ సర్దాను. జీపు ఎక్కేముందు ఆగ్నెసు మేకపిల్లని తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "ఈగలు తోలు అమ్మా, మర్సిపోకు" అంది.

అత్త మాట నమ్మాను. రోజూ నమ్ముతూనే ఉన్నాను. అయినా మీలో ఎవరైనా కాఫీ తోటలు చూడ్డానికి అటు వస్తే, సిస్టర్ల హాస్టల్లో ఎనిమిదో తరగతి ఆగ్నెసుని పిలిపించండి. అన్నం సరిగ్గా తింటోందా, రాత్రిపూట దగ్గు తగ్గిందా అడగండి. అమ్మ చూసి రమ్మందని మాత్రం చెప్పకండి, సిగ్గుపడుతుంది.