మట్టి అంటని జెర్సీ

తల్లులకు మాట ఇవ్వడంలో గస్ వోట్రుబాను మించినవాడు సెయింట్ లూయిస్ చుట్టుపక్కల ఎక్కడా లేడు. మిగతా కాలేజీల కోచ్‌లు కుర్రాణ్ణి తమ జట్టులోకి లాక్కోవడానికి వాళ్ళింటికి వెళ్తే హాల్లో సోఫా మీద కూర్చుని తండ్రితో మాట్లాడేవారు. గస్ నేరుగా వంటింట్లోకి నడిచేవాడు. పెట్టింది తినేవాడు, అడిగి మరీ మారు వడ్డించుకునేవాడు. లేచేముందు ఆ తల్లి చెయ్యి పట్టుకుని, "మీవాణ్ణి నా కొడుకులా చూసుకుంటానమ్మా" అనేవాడు. అంతే, మర్నాడు పొద్దున్నకల్లా ఆ పిల్లవాడు సెయింట్ ఎల్డ్రెడ్ కాలేజీవాడు అయిపోయేవాడు.

మొదట్లో అతని భార్య లోరెట్టా కూడా వెంట వెళ్ళేది. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు ఆమెకు కళ్ళు చెమర్చాయి. అప్పటికి వాళ్ళ క్లెమ్ ఇంకా బడికి వెళ్ళే పిల్లవాడు. తర్వాత తర్వాత ఆ మాట వినబడితే ఆమె కిటికీలోంచి బయటికి చూడడం అలవాటు చేసుకుంది. చివరికి వెళ్ళడమే మానేసింది.

గస్ ఆ కాలేజీలో అడుగుపెట్టిన రోజున సాకర్ జట్టుకని వాళ్ళు చూపించింది కార్లు నిలిపే స్థలం పక్కన గడ్డి మొలవని నేల. చేత్తో పట్టుకుని పరిగెత్తే ఫుట్‌బాల్‌కే జనమూ జేజేలూ ఉన్న దేశంలో కాలితో తన్నే ఆటను పట్టించుకునే నాథుడు ఎవడు? గస్ తెల్లారకముందే లేచి సున్నంతో గీతలు తనే గీసేవాడు. వాళ్ళ నాన్న బీరు ఫ్యాక్టరీలో పీపాలు దొర్లించిన మనిషి. ఆ మొండితనం కొడుక్కి వచ్చింది. ముప్పై మూడేళ్ళలో గెలిచినవాటికి లెక్క లేదు, మూడుసార్లు దేశంలోకెల్లా మొదటివాళ్ళు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. గస్ రచ్చ గెలిచాడు. ఇంటి సంగతి తీరిక దొరికినప్పుడు చూద్దామనుకున్నాడు.

క్లెమ్ ఆట మరీ తీసిపారేసేది కాదు. ఇంకో చిన్న కాలేజీ అతన్ని పిలిచింది, మొదటి ఏడాది నుంచే ఆడిస్తామంది కూడా. "మీ నాన్నకు జట్టు లేదనుకున్నావురా?" అన్నాడు గస్. ఆ ఒక్క మాటకు పిల్లవాడు పొంగిపోయి తండ్రి జట్టులో చేరాడు. ఇరవై ఏడో నంబరు జెర్సీ ఇచ్చారు. నాలుగేళ్ళు ఆ జెర్సీ వేసుకుని బెంచీ మీద కూర్చున్నాడు.

ఆ రోజుల్లో ఊళ్ళోని కుర్రాళ్ళు జెర్సీలు ఇంటికి తెచ్చి తల్లులకు పడేసేవారు. ఆదివారం చర్చి మెట్ల మీద తల్లులందరిదీ ఒకటే గోల, గడ్డి మరకలు వదలడం లేదని. లోరెట్టా కూడా వాళ్ళతోపాటు తలూపేది. ఇంటికొచ్చి, చిన్న మట్టిచుక్క కూడా అంటని జెర్సీని సబ్బు పెట్టి మరీ ఉతికేది. ఉతక్కుండా మడిచి ఇస్తే పిల్లవాడి మనసు చివుక్కుమంటుందని ఆమె భయం.

ఇక ఆ చివరి రోజు. అక్కడి కాలేజీల్లో చదువు ముగించబోయే ఆటగాళ్ళకు సొంత మైదానంలో ఆఖరి ఆట పండుగలాంటిది. ఒక్కొక్కరు తల్లినీ తండ్రినీ చెరో పక్కన పెట్టుకుని మైదానం మధ్యకు నడుస్తారు, తల్లికి పువ్వు ఇస్తారు. నాలుగేళ్ళూ బెంచీకే అతుక్కుపోయినవాణ్ణి సైతం ఆవేళ కాసేపు ఆటలోకి దింపుతారు. కాలేజీ సాకర్‌లో మనుషుల్ని మార్చడానికి పెద్దగా లెక్కలుండవు, కోచ్ తలుచుకుంటే బెంచీ మొత్తాన్ని దింపొచ్చు. ఆవేళ సెయింట్ ఎల్డ్రెడ్ నాలుగు గోల్స్ ముందుంది. గస్ అందర్నీ దింపాడు. మూడో గోల్‌కీపర్‌ని సైతం ముందు వరసలో ఆడించాడు. జనం "క్లెమ్! క్లెమ్!" అని కేకలు వేశారు. గస్ ఆ కేకలు చెవికెక్కనట్టు, చేతులు కట్టుకుని మైదానం వైపే చూస్తూ నిలబడ్డాడు. కాలేజీ ఆటలో గడియారం వెనక్కి నడుస్తుంది. ఆఖరి పది సెకన్లూ జనం గొంతెత్తి లెక్కపెట్టారు. సున్నా దగ్గర హారన్ మోగేసరికి బెంచీ మీద క్లెమ్ ఒక్కడే మిగిలాడు.

ఆ రాత్రి భోజనం దగ్గర లోరెట్టా అడగలేదు. గస్సే చెప్పాడు, కంచంలోంచి తలెత్తకుండా. "దింపితే కోచ్ కొడుకు కాబట్టి దింపాడంటారు. గుండె రాయి చేసుకున్నాను."

లోరెట్టా నమ్మింది. నమ్మడమే కాదు, ఆ మాటను ఇరవై ఏళ్ళపాటు కొడుక్కి నూరిపోసింది. నీ మీద ప్రేమ లేక కాదురా, నియమం కోసం, నీకంటే ఆయనే ఎక్కువ బాధపడ్డాడు అని ఎన్ని క్రిస్మస్‌లకు చెప్పిందో. క్లెమ్ కాన్సాస్ సిటీలో పిల్లలకు లెక్కలు చెప్పుకుంటూ బతుకుతున్నాడు. పండక్కి వచ్చేవాడు, తినేవాడు, వాతావరణం గురించి మాట్లాడేవాడు, వెళ్ళిపోయేవాడు. తండ్రీకొడుకుల మధ్య బంతి మాట వచ్చేది కాదు.

ఈ ఏడు గస్ కోచ్ పదవి నుంచి దిగిపోతున్నాడు. నవంబరులో ఆఖరి ఆట రోజున, కుర్రాళ్ళందరి తర్వాత కోచ్‌ని కూడా కుటుంబంతో మైదానం మధ్యకు నడిపించాలని పాత ఆటగాళ్ళు పట్టుబట్టారు. ఆ పైన అరగంట సరదా ఆట. ఒక పక్క పాతవాళ్ళు, ఒక పక్క ఇప్పటి జట్టు. పాతవాళ్ళకు గస్సే కోచ్. ఏర్పాట్లన్నీ ఒకప్పటి కెప్టెన్ రే ఓడౌడ్‌వి. క్లెమ్‌తో కలిసి చదివినవాడే, ఇప్పుడు బాన పొట్టా బట్టతలా.

"క్లెమ్ వస్తాడంటావా?" అని గస్ ఆమెను అడిగాడు. ఇరవై ఏళ్ళలో ఆ ప్రశ్న ఆ నోటి నుంచి రావడం అదే మొదలు. కొడుకు రాకపోతే జనం ఏమనుకుంటారోనన్న బెంగ కాబోలనుకుని ఆమె ముక్తసరిగా జవాబిచ్చింది. మర్నాడు అతని సంచీలో సాక్సులు వెతుకుతుంటే కొత్త జెర్సీ బయటపడింది. వీపు మీద వోట్రుబా అని పేరు, ఇరవై ఏడో నంబరు. గస్ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు, దొంగతనం చేస్తూ దొరికిపోయినవాడిలా.

"ఈసారి దింపుతాను లోరెట్టా" అన్నాడు.

ఆమె ఆ జెర్సీని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. ఆ సాయంత్రమే కొడుక్కి ఫోన్ చేసి, వచ్చేటప్పుడు ఆడే బూట్లు తెచ్చుకోమంది. అవెప్పుడో పారేశానన్నాడు క్లెమ్. ఆమె రెట్టించలేదు. కానీ ఆట రోజు, శనివారం, అతని కారు డిక్కీలోంచి కోటు తీయబోతే, అట్టపెట్టెలో కొత్త బూట్లు కనబడ్డాయి. దుకాణం చీటీ ఇంకా ఊడలేదు. నలభై దాటిన కొడుకు ఒంటరిగా దుకాణానికి వెళ్ళి, కుర్రాళ్ళ మధ్య కూర్చుని బూట్లు తొడిగి చూసుకోవడం ఆమె కళ్ళకు కట్టింది. చూడనట్టే డిక్కీ మూసింది. దేవుడా, ఈ ఒక్కటీ జరిపించు, ఇంకేమీ అడగను అనుకుంది.

ముగ్గురూ మైదానం మధ్యకు నడిచారు. గస్ ఆమెకు పువ్వు ఇచ్చాడు. తర్వాత పాత ఆటగాళ్ళు ఒక్కొక్కరే మైకు అందుకున్నారు. "కోచ్ మా వంటింట్లో కూర్చుని మా అమ్మతో అన్నారు, నన్ను సొంత కొడుకులా చూసుకుంటానని" అన్నాడు మొదటివాడు. రెండోవాడూ అదే అన్నాడు. మూడోవాడు ఆ మాట అంటూ ఏడ్చేశాడు. జనం కళ్ళు తుడుచుకుంటున్నారు.

క్లెమ్ తల్లి చెవి దగ్గరకు వంగి, "పాపం, వీళ్ళందర్నీ నాలాగే చూసుకున్నాడా అమ్మా?" అన్నాడు.

ఆమె అతని చెయ్యి గిల్లింది. ఇద్దరికీ నవ్వాగలేదు. ఇలా నవ్వుకుని ఎన్నాళ్ళయిందో అనుకుంది లోరెట్టా. ఆమె లోపల ఏదో ముడి విడిపోతున్నట్టు అనిపించింది.

ఆట మొదలైంది. క్లెమ్ కొత్త జెర్సీ తొడుక్కుని, బూట్ల తాళ్ళు బిగించి బెంచీ చివర కూర్చున్నాడు. పాతవాళ్ళు నాలుగడుగులకే ఆయాసపడుతున్నారు. కుర్రాళ్ళు పెద్దవాళ్ళు కదాని నెమ్మదిగా ఆడుతున్నారు. కాసేపటికి ఒకడు కాలు పట్టేసి కుంటుతూ వచ్చాడు. గస్ వెనక్కి తిరిగి క్లెమ్ వైపు చూశాడు. క్లెమ్ లేచాడు. సరిగ్గా అప్పుడే కుర్రాళ్ళలో ఎవడో దూరం నుంచి ఊరికే తన్నిన బంతి వెళ్ళి గోల్‌లో పడింది.

గస్ మొహం మారిపోవడం లోరెట్టాకు మొదటి వరస నుంచి స్పష్టంగా కనిపించింది. ముప్పై మూడేళ్ళుగా మైదానం పక్కన ఆమె చూస్తూ వచ్చిన మొహం అది. "ఒక్క నిమిషం ఆగు" అన్నట్టు వెనక్కి చెయ్యి ఊపి, కుంటుతున్నవాణ్ణే మళ్ళీ లోపలికి తోశాడు. ఆ తర్వాత అతనికి లోకం లేదు. గీత వెంబడి అటూ ఇటూ పరిగెత్తాడు, అరిచాడు, టోపీ నేలకేసి కొట్టాడు. పాతవాళ్ళు ఒక గోల్ చేసి సమం చేశారు. క్లెమ్ ఇంకా నిలబడే ఉన్నాడు. కాసేపటికి కూర్చున్నాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, ఊరికే అన్నారా.

లోరెట్టా జన్మలో మైదానం దగ్గర గొంతెత్తిన మనిషి కాదు. ఆవేళ లేచి నిలబడి, "గస్, క్లెమ్!" అని అరిచింది. అతను తల తిప్పకుండా అరచెయ్యి పైకెత్తాడు. ఆటలో ఉన్నప్పుడు నన్ను కదపొద్దు అని ఆ చేతికి అర్థం.

ఆఖర్లో రే ఓడౌడ్ పొట్టకు తగిలి బంతి గోల్‌లోకి దొర్లింది. ఇక ఆ ఒక్క గోల్ ఆధిక్యాన్ని కాపాడుకోవాలి. అందరూ వెనక్కి రండని గస్ కేకలు. జనం లెక్కపెట్టడం మొదలెట్టారు. పది, తొమ్మిది, ఎనిమిది. లోరెట్టా కళ్ళు మూసుకుంది. హారన్ మోగింది.

గస్ పిల్లవాడిలా గెంతుతూ మైదానంలోకి పరిగెత్తి రేను వాటేసుకున్నాడు. నవ్వుతూ వెనక్కి తిరిగాడు. అప్పుడు కనిపించింది అతనికి, బెంచీ మీద ఇరవై ఏడో నంబరు.

నవ్వు అలాగే ఉండిపోయింది మొహం మీద, తీసేయడం మరిచిపోయినట్టు. మెల్లగా వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. లోరెట్టా కూడా అప్పటికే బెంచీ దగ్గరికి చేరుకుంది.

"మరిచిపోయాను క్లెమ్" అన్నాడు గస్. "దేవుడి తోడు, అబద్ధం కాదు. నిజంగానే మరిచిపోయాను."

"తెలుసు నాన్నా" అన్నాడు క్లెమ్. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని లోరెట్టాకు అనిపించింది. అతను జెర్సీ విప్పి, నాలుగు మడతలు పెట్టి తల్లి చేతిలో ఉంచాడు. "ఉతకక్కర్లేదమ్మా. ఇదివరకటివి కూడా ఉతకక్కర్లేకపోయింది." ఆమె చెంపను ముద్దుపెట్టుకుని, కొత్త బూట్లతోనే కారు వైపు నడిచాడు.

అటుపక్క ఫోటోకి రమ్మని రే పిలుస్తున్నాడు. గస్ భార్య భుజం పట్టుకున్నాడు.

"నువ్వైనా చెప్పు లోరెట్టా. నువ్వు చెబితే వింటాడు. ఎప్పుడూ నువ్వే కదా చెప్పేదానివి."

ఆమె జెర్సీ వైపు చూసింది. తెల్లగా, కరకరలాడుతూ ఉంది. గుండె రాయి చేసుకున్నానన్న ఆ రాత్రి, కంచంలోంచి అతను తలెందుకు ఎత్తలేదో ఆమెకు ఇప్పుడు అర్థమైంది.

"అప్పుడు కూడా మరిచిపోయావు కదూ గస్? నియమం ఇంటికొచ్చాక గుర్తొచ్చింది."

గస్ నోరు తెరిచాడు. ఎంతమంది వంటిళ్ళలో ఎంతమంది తల్లుల చేతులు పట్టుకుని తడుముకోకుండా మాట ఇచ్చిన మనిషి, ఈ ఒక్క తల్లి ముందు నిలబడి ఒక్క మాట కూడా అనలేకపోయాడు.