నున్నటి గాజుపలక

తలుపు మూసుకోబోతుంటే లిఫ్టక్క మోకాలు అడ్డం పెట్టింది. ముందు టైపు అమ్మగారి కర్ర లోపలికి వచ్చింది, తర్వాత ఆవిడ వచ్చారు, ఆవిడ భుజం పట్టుకుని చూపు లేని మేష్టారు వచ్చారు. ఎక్కడికని లిఫ్టక్క అడగలేదు. వారం వారం వాళ్లు వెళ్లేది పై అంతస్తులో జరిగే సమావేశానికే. కొత్త గాజుపలక మీద అంకె తాకి, మోకాలు రుద్దుకుంటూ ముక్కాలిపీట మీద కూర్చుంది. జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచీ ఆమె పని ఇదే, ఎక్కించడం, దించడం. ఎంత పైకెళ్లినా సాయంత్రానికి కిందికే దిగాలని తన మీద తనే జోకులు వేసుకునేది.

"ఇవాళ గట్టిగా అడుగుతామక్కా," అన్నారు మేష్టారు. "నిన్ను తీసేస్తే నేను పైకి రాగలనా?"

"అడగండి సార్. సాయంత్రంతో నా డ్యూటీ సరి. ఇంక పోయేదేముంది."

ఆ సమావేశం ఉత్త కాలక్షేపం కాదు. ఆసుపత్రి చీటీలు ఫోన్లో తీసుకునే పద్ధతి బాగుచేద్దామని ఆఫీసువాళ్లు ముసలివాళ్లనీ, వికలాంగులనీ గుండ్రంగా కూర్చోబెట్టారు. వాళ్లు ఒకరి మాటకొకరు అడ్డుతగిలి, అలిగి, మళ్లీ కలిసి పనికొచ్చే మాటలే తేల్చారు. ఒకప్పుడు టైపిస్టుగా పనిచేసి, ఇప్పుడు వేళ్లు వణికే టైపు అమ్మగారు పోరు పెడితే ఫోన్లో అక్షరాలు పెద్దవయ్యాయి. మేష్టారు పట్టుబడితే ఫోను చదివి వినిపించడం మొదలుపెట్టింది. అలాంటి గుంపును ఒక్క మాటైనా అడగకుండా, లిఫ్టులో చేతికి తగిలే పాత మీటలు పీకేసి, వేలికి ఏమీ ఆనని గాజు బిగించారు. పైగా 'అందరికీ అందుబాటు' అని పక్కనే బోర్డు కొట్టారు. ఇక లిఫ్టు మనిషి దండగన్నారు. ఆ బోర్డు కంటపడినప్పుడల్లా లిఫ్టక్కకు ఒళ్లు మండేది. మండదా మరి?

పైన దిగుతూ మేష్టారు లిఫ్టక్క చెయ్యి పట్టుకుని వదల్లేదు. గదిలోకి లాక్కెళ్లారు.

"ఈవిడకీ ఒక కుర్చీ వేయండి."

ఆఫీసరు నవ్వారు. "ఆవిడ మెంబరు కాదండీ. అయినా ఆ పలక మీకోసమే పెట్టించాం."

"మాకోసమైతే మమ్మల్ని అడగాలి కదా," అన్నారు టైపు అమ్మగారు. "నేను ఒకటి తాకితే ఇంకొకటి వెలుగుతోంది. ఈయన సంగతేమిటి?"

"రాసుకున్నాం. వచ్చే విడతలో చూద్దాం."

"వచ్చే విడతకి నేనుండను కదండీ," అంది కుర్చీ లేక నిలబడే ఉన్న లిఫ్టక్క.

ఆఫీసరు వినిపించుకోలేదు. రంగు కాగితాలు పంచుతున్నారు. అందుకు ఒప్పుకునేవాళ్లు పచ్చది ఎత్తాలట, కాదనేవాళ్లు ఎర్రది. మేష్టారి చేతిలోనూ రెండు పెట్టారు. ఆయన వాటిని ఉండచుట్టి అక్కడే పడేసి లేచారు. వెనకే టైపు అమ్మగారూ లేచారు.

దిగేటప్పుడు తనే నొక్కుతానన్నారు మేష్టారు. అంకె వెతుకుతూ పలకంతా అరచేత్తో తడిమారు. అన్ని అంకెలూ ఒకేసారి వెలిగాయి. లిఫ్టు ప్రతి అంతస్తులోనూ ఆగి, తలుపు తెరిచి, ఎవరూ లేని వరండా చూపించి మూసుకుంది. ముగ్గురిలో ఎవరూ నవ్వలేదు. పిల్లలకు చదువు చెప్పిన మనిషి అవమానంతో తల దించుకున్నాడు.

"వేలు ఆనడానికి ఏదో ఒకటి ఉండాలి," అన్నారాయన.

"గాజు మీద వద్దు. తడిమినప్పుడల్లా వెలుగుతుంది. పక్కనున్న ఇనుప పట్టీ మీద పెట్టాలి," అన్నారు టైపు అమ్మగారు.

"అంకెకు ఎదురుగా ఒకటి. కింద నుంచి లెక్కపెట్టుకుంటూ పోవచ్చు," అంది లిఫ్టక్క.

కుర్చీలూ కాగితాలూ లేని ఆ ఇరుకు పెట్టెలోనే అసలు సమావేశం అయిపోయింది. లిఫ్టక్క వాచ్‌మన్ దగ్గర్నుంచి జిగురు తెచ్చింది. ఆఫీసు ఇచ్చిన కోటుకున్న బొత్తాలను పంటితో తెంపి, పట్టీ మీద వరసగా అంటించింది. ఆరాక మేష్టారు ఒక్కరే పైకెళ్లి, ఒక్కరే దిగి వచ్చారు.

"వచ్చే వారం నేనొక్కణ్నే వస్తానక్కా," అన్నారు.

సాయంత్రం కోటు వెనక్కి తీసుకుంటూ సూపర్‌వైజరు గద్దించాడు. "బొత్తాలేవి?"

"డ్యూటీలో ఉన్నాయి," అని లిఫ్టక్క గేటు దాటి వెళ్లిపోయింది. ఆ భవనంలో ఎవరూ తలెత్తి చూడలేదు.

లిఫ్టులో పై అంతస్తు అంకె ఎదుట నీలం బొత్తాం ఒకటి గట్టిగా అతుక్కుని ఉంది. ఆమె కొరికిన దారపు పోగు దాని రంధ్రంలో ఇంకా వేలాడుతోంది.