జగన్నాథం మైల

పత్తిలోంచి ఎండుటాకులు ఏరుతున్న అవ్వ చేతులు ఉన్నట్టుండి ఆగిపోయాయి.

"ఇంకోతూరి చదువు," అంది.

మళ్లీ చదివాను. పాము కరిచిన జగన్నాథం పడవల రేవులో ప్రాణం విడిచాడు.

అవ్వ ఒళ్లోని పత్తి దులిపి లేచింది. బావి దగ్గరికి పోయి కట్టుబట్టతోనే నెత్తిన నీళ్లు పోసుకుంది. వంటింట్లోంచి అమ్మ పరుగెత్తుకొచ్చి తనూ రెండు బిందెలు పోసుకుంది. ఎవరు పోయారని ఆ తర్వాత అడిగింది.

ఆ పుస్తకం నాయన చెన్నపట్నం పోయినప్పుడు తెచ్చింది. అరవదేశంలో సూలూరు దగ్గర మా ఊళ్లో తెలుగు మాట్లాడని ఇల్లు లేదు, తెలుగు చదవగలిగే మనిషి లేడు. తిన్నెబడిలో ఒక తెలుగు అయ్యవారు రెండేళ్లుండి పోయాడు గనక నేను చదవగలను. నవల రెండో అధ్యాయంలో కథానాయకుడి పూర్తి పేరు వచ్చింది: కొండ్రపాటి జగన్నాథం. మాదీ అదే ఇంటిపేరు. ఎన్నో తరాల కిందట మా పెద్దలు ఎడ్లబండ్లు కట్టుకుని దక్షిణానికి వచ్చేటప్పుడు ఒక తమ్ముడు కృష్ణ ఒడ్డునే ఉండిపోయాడట. ఆ తమ్ముడి వంశం సంగతి ఇన్నాళ్లకు తెలిసిందని అవ్వ ఆరోజు పాయసం వండించింది. అప్పట్నుంచి రోజూ సాయంత్రం పత్తి ముందేసుకుని, "వాడు ఈ పొద్దు తిన్నాడా?" అని అడిగాకే చదవనిచ్చేది.

నాకు మాత్రం జగన్నాథం మీద అంత ఇష్టం కలగలేదు. భార్యకు చెప్పాల్సిన మాటలు చంద్రుడికి చెబుతాడు. పాము కరిచాక కూడా నాలుగు పేజీలు మాట్లాడాడు. మూడో పేజీలో, త్వరగా కానీ నాయనా అనుకున్నాను కూడా. అంతకుముందు చదివిన నవలలో నాయిక పదకొండుసార్లు మూర్ఛపోయింది. పన్నెండోసారికి నేనే పుస్తకం మూసేశాను. వాళ్లు వేరే ఇంటిపేరువాళ్లు గనక మా ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు.

"పదినాళ్లు తీట్టు," అంది అవ్వ తడిబట్ట పిండుకుంటూ.

మైల పట్టిన ఇంట్లో శుభకార్యం చెయ్యకూడదు. శుక్రవారం మా అక్క వేదవల్లికి నిశ్చయతాంబూలం. పెళ్లికొడుకు పోదనూరు రంగరాజన్‌ను అక్క ఒక్కసారే చూసింది. అప్పట్నుంచి ఉప్పు వేసిన కూరలో మళ్లీ ఉప్పు వేస్తోంది. అయితే ఆయన తల్లి లక్ష్మమ్మాళ్, తాంబూలంలో ఆకులు వాడిపోయాయని ఇదివరకే ఒక సంబంధం వదులుకున్న మనిషి.

"అమ్మా, అది కత," అన్నాడు నాయన.

"కతే లే నారాయణసామీ. చచ్చినోడు మన కొండ్రపాటోడా కాదా?"

నాయన పుస్తకం తెరిచి మొదటి పేజీలో అంకెలు చూశాడు. "పుస్తకం అచ్చేసి ఆరేండ్లయింది. ఆరేండ్ల కిందటి చావుకు తలకు పోసుకుంటే చాలు. పోసుకున్నావు. తీట్టు తీరిపోయింది."

"నిన్న సాయంత్రం వాడు మజ్జిగ తాగినాడు. అడుగు దాన్ని."

నాయన నావైపు చూశాడు.

"తాగాడు నాయనా," అన్నాను. పుస్తకంలో అట్లాగే ఉంది.

"ఆరేండ్ల కింద పోయినోడు నిన్న మజ్జిగ ఎట్లా తాగినాడో నువ్వే చెప్పు," అంది అవ్వ.

మర్నాడు నాయన నిశ్చయం వాయిదా అని పోదనూరుకు కబురంపాడు.

ఆ పొద్దే పక్కింటి అంజలమ్మ పరామర్శకు వచ్చింది. మామూలుగా గడప దగ్గర నిలబడి మూడుసార్లు "పోయొస్తా" అని కూడా పోని మనిషి. ఆరోజు అవ్వ పక్కన కాసేపు కూర్చుని, నోరు మెదపకుండా లేచిపోయింది. చావు జరిగిన ఇంటికి మళ్లీ వస్తానని ఎవరూ అనరు. అది చూసి నాయన తల పట్టుకున్నాడు.

అక్క నన్ను గాదె వెనక్కి లాగింది. "చదివేది నువ్వే కదమ్మీ. వాణ్ణి బతికించు."

"తర్వాతి అధ్యాయంలో చందనపు కట్టెలతో కాల్చేశారక్కా."

"పావి," అంది అక్క. పాపి అన్నది నన్నో, జగన్నాథాన్నో తెలియలేదు.

బుధవారం లక్ష్మమ్మాళ్ బండి మా వాకిట్లో ఆగింది. ఆవిడ లోపలికి వచ్చి కూర్చోలేదు.

"చావు అని కబురంపినారు. ఎవరు?"



"మా జగన్నాథం," అంది అవ్వ. "సొందం. కృష్ణ ఒడ్డున ఉండాడు. నువ్వు చదువు పాపా."

నిలబడే చదివాను. పాము కరిచేసరికి లక్ష్మమ్మాళ్ కూర్చుంది.

"వైద్యుడు ఏంటికి రాలే?"

"ఏరు పొంగిందత్తా."

"వేరే పడవ లేదా?"

"రాయలేదత్తా."

"అంత పెద్ద ఊర్లో ఒకే పడవా. బాగుండాది పరిపాలన." ముందుకు వంగి, "వాడి పెండ్లానికి వయసెంత?" అంది.

"పందొమ్మిది."

ఆవిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నాలుగు పేజీల మాటలూ విన్నది, ఒక్కటీ వదలనివ్వలేదు. నాకే గొంతు ఎండిపోయింది.

చదవడం అయ్యాక అవ్వ మెల్లగా, "పదకొండో నాడు పెట్టుకుందామా అమ్మా?" అంది. లక్ష్మమ్మాళ్ అవ్వ చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని, వదిలి, లేచింది.

తలుపు వెనక అక్క నా మణికట్టు పట్టుకుంది. "పోయొస్తా అంటాదేమో విను. అనిందంటే చావును నమ్మలేదని. నా కల్యాణం అంతే."

నాయన గడప దాకా వెంట నడిచి, అలవాటుకొద్దీ ఆ మాట కోసం ఆగాడు. లక్ష్మమ్మాళ్ కూడా గడప మీద ఒక్క క్షణం ఆగింది. వెనక్కి తిరగబోయి, తిరగలేదు. కొంగు నిండుగా కప్పుకుని, ఒక్క మాటా అనకుండా మెట్లు దిగి బండెక్కింది.