పందుల దారి

అచ్చంపేట దాటి అడవి మొదలయ్యే చోట, ఆ ఉదయం పరశురాములు ఇంట్లో అంతా మామూలుగానే ఉంది. తల్లి గుర్వమ్మ మేకపిల్లకు పాలసీసా పడుతోంది. భార్య మల్లిక సద్ది కడుతోంది.

"అమ్మా, ఆకులకని గా పొదలల్లకు పోకు. చిరుతపులి తిరుగుతాంది" అన్నాడు పరశురాములు.

"నాకేం పనిరా అటు? ఇంటికాడనే ఉంట తియ్" అంది గుర్వమ్మ, ముఖం పక్కకు తిప్పుకొని.

తల్లి మీద ఎంత ప్రేమో అనిపిస్తుంది చూసేవాళ్లకు. నిజమే, ప్రేమకేం లోటు లేదు. కానీ అదే కొడుకు తన చేను అంచున, పొదల్లో, మోకాలెత్తున ఒక ఇనుప తీగ కట్టి ఉంచాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

పరశురాములు అటవీ శాఖ దగ్గర కూలికి పోతాడు. జంతువుల లెక్క కోసం చెట్లకు కెమెరాలు కట్టడం, వాటిలోని కార్డులు తెచ్చివ్వడం అతని పని. వెచ్చటి ఒళ్లున్న ప్రాణి ఏది ఎదురుగా నడిచినా ఆ కెమెరా తనంతట తానే ఫోటో తీస్తుంది. రెండేళ్లుగా అతని పల్లీ చేను పందుల పాలవుతోంది. అవి ఏ దారిన వస్తున్నాయో ఆ ఫోటోల్లోనే చూశాడు. సరిగ్గా ఆ దారికే అడ్డంగా తీగ కట్టి, బోరు మోటారు కరెంటు డబ్బాకు తగిలించాడు. ఊళ్లో అందరూ కడుతుంటే తానొక్కడే పాపాత్ముడా? తప్పు చేయబోయే మనిషి ముందుగా ఊరంతటినీ సాక్ష్యానికి పిలుచుకుంటాడు మరి!

రాత్రి తీగ తగిలించేసరికే గాలిదుమారానికి కరెంటు పోయింది. పొద్దున దాకా రాలేదు. లేని కరెంటుకు తీగ విప్పడం ఎందుకు, పనికి పోయి వచ్చాక చూసుకుందాంలే అనుకొని, స్విచ్ అలాగే వదిలేసి వెళ్లిపోయాడు.

పొద్దు వాలుతుండగా, ఊరికి దూరంగా ఉన్న ఆఫీసులో బీట్ ఆఫీసర్ స్వర్ణ అతను తెచ్చిన కార్డులు లాప్‌టాప్‌లో పెట్టి చూస్తోంది. ఎలుగుబంటి. కణుజు. పందుల మంద. ఆ తర్వాత ఒక చీర కొంగు.

"ఎవలీ అవ్వ? రోజూ గిదే యాళ్లకు గిదే దారిల వస్తాంది. పందులతోని కలిపి ఈమెను సుత లెక్క రాయాల్నా?" అని స్వర్ణ నవ్వింది.

పరశురాములు తొంగి చూశాడు. వంగిన నడుము, నెత్తిన ఆకుల మోపు, వెంట మేకపిల్ల. గుర్వమ్మ! కొడుకు పనికి పోగానే ఉత్త చేతులతో వేరే దారిన అడవిలోకి పోయి, మోపుతో వచ్చేటప్పుడు మాత్రం, ఎవరూ చూసి అతనికి చెప్పకుండా, పందుల దారిన వస్తోంది. ఇప్పుడు సరిగ్గా ఆమె తిరిగి వచ్చే వేళ.

ఊరికీ ఆఫీసుకూ ఒకటే లైను; పోయిన కరెంటు ఏ క్షణాన్నైనా రావచ్చు. జేబులో ఫోనుంది. సిగ్నల్ ఒక్క ఆ కిటికీ దగ్గరే అందుతుంది, మేడం పక్కనే నిలబడి మాట్లాడాలి. తీగలు పెడితే జైలేనని ఊళ్లు తిరిగి మైకులో చెప్పినవాడు తానే. ఇప్పుడు నోరు విప్పితే పని పోతుంది, కేసు పడుతుంది. "పానం బాగలేదు మేడం, ఇంటికి పోత" అన్న అబద్ధం నాలుక మీదికి వచ్చేసింది. ఛీ, ఎంత పాడు బుద్ధి! కన్నతల్లి ప్రాణం కన్నా తన పరువే ముందు కనబడింది అతనికి.

అంతలో నెత్తి మీద ఫ్యాను కిర్రుమంటూ తిరగసాగింది.

"మల్లికా! ఉరుకు! చేన్ల డబ్బాకు ఫీజు పీకెయ్! పందులకు తీగ కట్టిన, కరెంటొచ్చింది! అమ్మ అటే వస్తాంది!" అని ఫోనులో అరిచాడు.

స్వర్ణ సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైను ఆపమని చెప్పి, బండి తీసి "ఎక్కు" అంది. దారి పొడవునా పరశురాములు తల్లిని పిలుస్తూనే ఉన్నాడు.

చేను గట్టున మల్లిక పీకేసిన ఫ్యూజు పిడికిట్లో పట్టుకొని రొప్పుతోంది. తీగ దగ్గర మేకపిల్ల కాళ్లు బిగుసుకొని చచ్చి పడి ఉంది. దానికి కాస్త అవతల గుర్వమ్మ నేల మీద కూలబడి ఉంది. ప్రాణాలతోనే ఉంది.

"రోజు నేనే ముందట నడుస్తరా. ఇయ్యాల మోకాలు పట్టేస్తె జర కూసున్న. అది ముందట ఉరికింది" అని ఏడ్చింది. తీగ వైపు చూసి, "ఎవడు కట్టిండురా గిది? వాని చేతులిరగ!" అని శపించింది.

"నేనే అమ్మా" అన్నాడు పరశురాములు.

గుర్వమ్మ మేకపిల్లను ఒళ్లోకి తీసుకుంది. ఆ తిట్టు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

స్వర్ణ కేసు రాసింది. పని పోయింది. బెయిలు మీద వచ్చాక పరశురాములు తానే ఊరివాళ్లను పంచాయతీ ఆఫీసు దగ్గరికి పిలిచాడు. స్వర్ణ కూడా వచ్చింది.

"పందులు తిన్న పంటకు ఎవలు జిమ్మేదారి?" అని తోటి రైతు జానయ్య గొంతు పెంచాడు.

"నష్టపరిహారానికి అందరి దరఖాస్తులు నేనే పట్టుకపోత. పైసలు వచ్చేదాక ఆఫీసుల చుట్టు తిరుగుత" అంది స్వర్ణ.

పరశురాములు లేచి నిలబడ్డాడు.

"పంట పోయిన బాధ నాకెరుకలేదా జానయ్య మామా? కానీ తీగలు తీసేయుండ్రి, మీ కాళ్లు మొక్కుత. మేం పందికే కట్టినం అని మనం అనుకుంటం. గా ముచ్చట తీగకు ఎవలు చెప్తరు?"